తెరపై జీవశాస్త్రము

జీవశాస్త్రమున ప్రతిభ గల ఉన్నత పాఠశాలల విద్యార్థులకు ఏటేట ఒక ప్రపంచ పోటీ జరుగుచున్నది. దానికి అంతర్జాతీయ జీవశాస్త్ర ఒలింపియాడ్ అని పేరు. 1990లో చెకోస్లొవేకియాలోని ఒలొమౌత్స్ నగరమున ఆరు దేశములతో ఇది ఆరంభమైనది. ఒక్కొక్క దేశము నుండి నలుగురు మాత్రమే పాల్గొందురు. ప్రశ్నలను ఆయా దేశముల గురువులు తమ భాషలలోనికి మార్చి ఇచ్చుట ఆచారము, ఇది మెచ్చదగినది. మన జట్టును ఎంపిక చేయు భారమును ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యాకేంద్రము వహించుచున్నది. 2008లో ఆ నగరముననే ఈ పోటీ జరిగినది.

2020లో పోటీ జపానులోని నాగసాకిలో జరుగవలసియుండెను. కరోనా వ్యాధి లోకమంతట వ్యాపించుటచే ప్రయాణములు నిలిచిపోయినవి. నిర్వాహకులు పోటీని మానుకొనక అంతర్జాలము ద్వారా నడపిరి. మరుసటి ఏడు పోర్చుగల్ ఆధ్వర్యమున కూడ అట్లే జరిగినది. 2022లో ఆర్మేనియా రాజధాని యెరెవానులో విద్యార్థులు మరల ఒకచోట కూడిరి.

తెరముందు కూర్చుండి వ్రాసినది జీవశాస్త్ర పోటీ యగునా యని అడుగువారుందురు. వారి మాటలో నిజము లేకపోలేదు. ఈ ఒలింపియాడున ప్రయోగ పరీక్షకు సిద్ధాంత పరీక్షతో సమానమైన గౌరవము కలదు. తెరపై చూపిన ఉల్లిపొర ఎన్నడును చినుగదు. నిజమైన ఉల్లిపొర చినుగును, ముడుచుకొనును. మూతపలక క్రింద గాలిబుడగ చేరి, నల్లని అంచుతో గుండ్రముగా కనపడి, ఇదియే కణమని బాలుని మోసగించును. ఆ మోసమును ఒకమారు తెలిసికొన్నవాడు మరల దానికి లోబడడు. ఈ అనుభవమును ఏ తెరయు ఈయజాలదు.

అంతమాత్రమున ఆ రెండేండ్లు పాల్గొన్నవారిని తక్కువగా చూచుట న్యాయము కాదు. మామూలుగా ఈ పోటీలో ఎవరి పరీక్ష వారిదే. 2020లోనైతే వేరువేరు దేశముల విద్యార్థులను చిన్న బృందములుగా కూర్చి, ఒక్కొక్క విషయమును కలిసి పరిశీలించుమనిరి. జపానులో అర్ధరాత్రి యైనపుడు మన దేశమున రాత్రి ఎనిమిదిన్నర గంటలు. పోర్చుగల్‌లో వేసవియందు ఇంకను సాయంకాలము నాలుగే. అందరికిని అనువైన వేళను కుదుర్చుకొనుటయే ఒక పరీక్ష! ముఖమెరుగని తోటివానితో వాదించి, అతని మాట సరియైనదైన తన మాటను విడుచుట శాస్త్రజ్ఞులు నిత్యము చేయవలసిన పనియే.

అయితే అది విధిలేక చేసిన ఏర్పాటు. సౌకర్యమునకై దానిని అనుసరించుట వేరు. సూక్ష్మదర్శినిని బీరువాలో పెట్టి తాళము వేసి, పిల్లలచే ఏడాది పొడుగున కంప్యూటరుపై జవాబులు గుర్తింపజేసి, ప్రశంసాపత్రములను గోడకు తగిలించు పాఠశాల ఏదైన నున్నచో, అది పిల్లలకు అన్యాయము చేయుచున్నది. ఆ పిల్లలలో చురుకైనవాడొకడు ఎంపిక పరీక్షలు దాటి ముంబయి శిబిరమునకు పోయెననుకొందము. అచట అతని చేతికి ఒక పిపెట్టు నిత్తురు. దానిని పట్టుకొనుట అతనికి అదే మొదటిసారి యగును.