తిట్టేవాడికి దేశం లేదనే పెద్దలకు

 పోస్టు పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి. తిట్టదలచుకుంటే పూర్తిగా చదివాక తిట్టండి.

మొన్న మన గ్రూపులో ఒక ఫార్వర్డు తిరిగింది. నైజీరియా కుర్రకారు తమ దేశం గురించి మాట్లాడుతున్న వీడియో. కరెంటు లేదని ఒకడు, ఉద్యోగం లేదని ఒకమ్మాయి, వీసా దొరికితే రేపే వెళ్ళిపోతానని ఇంకొకడు. దాని కింద నేను మామయ్యా అని పిలిచే ఒక పెద్దాయన ఇలా రాశారు: "కన్న దేశాన్ని ఇంతలా తిట్టే జాతి బాగుపడదు. మన పిల్లలదీ ఇదే దారి." వెంటనే దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. ఒక్కరైనా "అవునా?" అని అడగలేదు. నేను అడుగుతున్నాను.

మామయ్యా, మీరు ఆ వీడియోలో తిట్టు మాత్రమే విన్నారు. ఆ దేశపు కుర్రవాళ్ళకు తమ దేశానికి రెండు పేర్లున్నాయి. ఒకటి నైజీరియా, రెండోది నైజా. పాస్‌పోర్టు మీద ఉండేదీ, పోలీసు చెక్‌పోస్టు దగ్గర చెయ్యి చాచేదీ నైజీరియా. బర్నా బాయ్‌కి 2021లో గ్రామీ వచ్చినప్పుడు వీధుల్లో ఎగిరిందీ, జొలోఫ్ అన్నం మాదే గొప్పదని ఘానావాళ్ళతో ఏళ్ళ తరబడి తగువు పడేదీ, 2025 జూలైలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పదోసారి ఆఫ్రికా కప్పు గెలిస్తే అర్ధరాత్రి దాకా కేకలు పెట్టిందీ నైజా. ఒకే నోరు పొద్దున నైజీరియాను తిట్టి సాయంత్రం నైజాను పొగుడుతుంది. ఇందులో తికమకేమీ లేదు. ఊరి మీద ప్రేమ ఉండి పంచాయతీ మీద కోపం ఉన్న మనిషిని మనమెవరం చూడలేదు గనక?

ఇక మీరు అడిగిన దేశాభిమానం సంగతి. 2020 అక్టోబరు గుర్తుచేస్తాను. అక్కడ సార్స్ అని ఒక ప్రత్యేక పోలీసు దళం ఉండేది. దోపిడీ దొంగలను పట్టడానికి 1992లో పెట్టారు. కొన్నేళ్ళకు ఆ దళమే దోపిడీకి దిగింది. కుర్రవాడి చేతిలో ల్యాప్‌టాప్ ఉంటే నేరం, మంచి ఫోనుంటే నేరం, జడలు వేసుకుంటే నేరం. ఆన్‌లైన్ మోసగాడివని ముద్రవేసి, కొట్టి, ఏటీఎం దాకా నడిపించి డబ్బు గుంజేవాళ్ళు. అక్కడ ఆన్‌లైన్ మోసగాళ్ళు లేరని నేననను, ఉన్నారు. వాళ్ళ పేరు చెప్పి ఎవరిని కొట్టారన్నదే ప్రశ్న. చివరికి ఆ తరం వీధిలోకి వచ్చింది. "సోరో సోకే" అన్నారు. యోరుబా భాషలో గొంతెత్తి మాట్లాడు అని అర్థం. బ్యాంకు ఖాతాలు ఆపేస్తే బిట్‌కాయిన్‌లో చందాలు పోగుచేసి అన్నం, అంబులెన్సు, లాయరు ఏర్పాటు చేసుకున్నారు. ముందు నిలబడి లెక్కలు చూసినవాళ్ళు ఆడపిల్లలు. వచ్చిన చందా ఎంతో, పోయిన ఖర్చు ఎంతో ఎప్పటికప్పుడు బయటపెట్టారు. (మన సంఘం లెక్కలు చివరిసారి ఎప్పుడు బయటపెట్టామో ఎవరికైనా గుర్తుంటే కామెంటులో చెప్పండి.)

అక్టోబరు 20 రాత్రి. లాగోస్‌లో లెక్కీ టోల్‌గేటు. రోడ్డు మీద కూర్చుని చేతుల్లో జాతీయ జెండాలు పట్టుకుని జాతీయ గీతం పాడుతున్నారు. జెండా చేతిలో ఉన్నవాణ్ణి సైన్యం కాల్చదని నమ్మారు. సైన్యం వచ్చింది, కాల్చింది. కాల్చలేదని ముందు బుకాయించారు. ఏడాది తరవాత లాగోస్ రాష్ట్రమే వేసిన విచారణ బృందం తన నివేదికలో ఊచకోత అన్న మాట వాడింది. ఆ మాటను రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఆ రాత్రి దేశాభిమానం ఎవరి దగ్గరుంది మామయ్యా? నాకు జవాబు కావాలి.

ఆ పాట సంగతి కూడా వినండి. వాళ్ళు పాడినది 1978 నుంచి ఉన్న గీతం. ఆ దేశస్థులే పోటీకి రాసి పంపిన మాటల నుంచి కూర్చుకున్నది. 2024 మే 29న అధ్యక్షుడు టినుబు దాన్ని పక్కకు నెట్టి, 1960లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి పాత గీతాన్ని మళ్ళీ తెచ్చారు. దాన్ని రాసినది ఒక బ్రిటిష్ మహిళ. అందులో నేటివ్ అన్న మాట కూడా ఉంది. పార్లమెంటు రెండు సభలూ కొద్ది రోజుల్లో బిల్లు దాటించాయి. అప్పటికి ధరలు ఎక్కడున్నాయో చూడండి. అంతకు సరిగ్గా ఏడాది ముందు, పదవి స్వీకరించిన రోజునే ఆయన పెట్రోలు సబ్సిడీ పోయిందని ప్రకటించారు. 200 నైరాల లోపు ఉన్న లీటరు రోజుల్లోనే 500 దగ్గరికి వెళ్ళింది, 2024 చివరికి 1,000 దాటింది. డాలరుకు 460 నైరాల చిల్లర ఉన్నది 1,500 అయింది. 2024 జూలైలో కనీస వేతనం 70,000 నైరాలు చేశారు. వినడానికి పెద్ద అంకె. మన డబ్బులో నెలకు 4,000 రూపాయలకు అటూ ఇటూ. అప్పుడు కుర్రవాళ్ళు అడిగారు, బియ్యం ధర మార్చమంటే పాట మార్చారేమిటని. ఈ ప్రశ్నను మీరు దేశద్రోహం అంటారా?

కరెంటు గురించి ఆ వీడియోలో కుర్రవాడు అన్నది అతిశయోక్తి అనుకుంటున్నారు కదా. మన తమిళనాడులో 2024 మే నెలలో ఒకరోజు కరెంటు వాడకం 20,000 మెగావాట్లు దాటింది. నైజీరియాలో 20 కోట్లకు పైగా జనం. వాళ్ళ గ్రిడ్డు మామూలుగా అందించేది 4,000, 5,000 మెగావాట్లు. ఆ గ్రిడ్డు కూడా 2024లో పదేపదే కుప్పకూలింది. కరెంటు వస్తే పిల్లలు "అప్ నేపా!" అని అరుస్తారు. నేపా అన్నది పాత కరెంటు సంస్థ. అది పోయి ఇరవై ఏళ్ళయింది, కేక మాత్రం మిగిలింది. అక్కడ చిన్న జనరేటరుకు జనం పెట్టుకున్న పేరేమిటో తెలుసా? "మా పొరుగువాడి కంటే నేను నయం". కష్టంలో కూడా ఈ వెటకారం మానని జనాన్ని చూసి దేశాభిమానం లేదంటే నాకు నవ్వొస్తుంది.

మీ తరఫున గట్టి వాదన ఒకటుంది, నేనే చెబుతాను. అంత బాధ ఉంటే ఓటెయ్యొచ్చుగా? 2023 ఎన్నికల్లో 9 కోట్ల 34 లక్షల మంది ఓటర్లు నమోదయ్యారు, అందులో 18 నుంచి 34 ఏళ్ళవాళ్ళు సుమారు 40 శాతం. తీరా ఓటేసింది మొత్తం మీద 27 శాతం లోపే. సిగ్గుపడాల్సిన అంకే. కానీ ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. ఆ కుర్రవాళ్ళలో చాలామంది పీటర్ ఒబీ వెనక నడిచారు. గదిలో కూర్చుని ట్వీట్లు కొట్టే నలుగురు అని వాళ్ళను ఎగతాళి చేశారు. ఆ నలుగురు 61 లక్షల ఓట్లు తెచ్చారు, టినుబు సొంత కోట లాగోస్‌లోనే ఆయన్ను ఓడించారు. ఓట్లు లెక్కపెట్టిన కాగితాలు పోలింగు బూతు నుంచే అందరూ చూసేలా వెబ్‌సైటులోకి ఎక్కిస్తామని ఎన్నికల సంఘం మాటిచ్చింది. అధ్యక్ష ఎన్నిక రోజున అది ఎక్కలేదు. సాంకేతిక లోపం అన్నారు. పొద్దుట్నుంచి లైన్లో నిలబడ్డ ఇరవై ఏళ్ళ పిల్ల ఆ మాట విని మళ్ళీ లైన్లో నిలబడుతుందా?

పోటీ చెయ్యొచ్చుగా అంటారేమో. 2018లో చట్టం మార్చి అధ్యక్ష పదవికి కనీస వయసు 40 నుంచి 35కి దించారు. ఆ చట్టం కోసం ఉద్యమం నడిపినదీ యువకులే. 2023 ఎన్నికలకు పాలక పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఫారం ధర ఎంత పెట్టిందో తెలుసా, 10 కోట్ల నైరాలు. అప్పటి కనీస వేతనం నెలకు 30,000. పైసా తినకుండా దాస్తే 277 ఏళ్ళు పడుతుంది. యువకులకు తగ్గింపు ఇచ్చారు లెండి, అది తీసేసినా వందేళ్ళు దాటుతుంది.

వీధికెక్కితే? 2024 ఆగస్టులో ఆకలి మీద నిరసనలు చేశారు. కనీసం 24 మంది చనిపోయారని ఆమ్నెస్టీ చెప్పింది. నవంబరు 1న అబుజా కోర్టుకు 76 మందిని దేశద్రోహం కేసులో తెచ్చారు. వాళ్ళలో సుమారు 30 మంది మైనర్లు. తిండిలేక కోర్టు హాల్లోనే కొందరు పిల్లలు పడిపోయారు. దేశమంతా అసహ్యించుకున్నాక కేసు ఎత్తేశారు. 2025 మార్చిలో, డిగ్రీ అయ్యాక అందరూ చెయ్యాల్సిన ఏడాది జాతీయ సేవలో ఉన్న ఒక అమ్మాయి ధరలు భరించలేకపోతున్నానని టిక్‌టాక్‌లో చెప్పింది. ఆ వీడియో తీసెయ్యమని అధికారులు ఫోను చేసి బెదిరించారని మళ్ళీ తనే వీడియో పెట్టింది.

ఓటు లెక్కలోకి రాదు, ఫారం కొనలేడు, వీధిలోకి వస్తే కేసు, ఫోనులో మాట్లాడితే బెదిరింపు. ఇక మిగిలింది "జపా". అది కూడా యోరుబా మాటే, పారిపో అని. నర్సులు, డాక్టర్లు లండను దారి పట్టారు. ఐదేళ్ళు దేశంలో పనిచేస్తేనే పూర్తి లైసెన్సు ఇవ్వాలని 2023లో ఒక ఎంపీ బిల్లు కూడా తెచ్చాడు. ఆసుపత్రి బాగుచేసే బిల్లు కాదు, తలుపుకు గడియ వేసే బిల్లు.

వెళ్ళిపోయేవాడికి అభిమానం లేదని మనమా అనేది? మన తాతముత్తాతలు ఈ నేలకు ఎలా వచ్చారు? కొందరు విజయనగర సేనలతో, కొందరు మగ్గాలతో, కొందరు కరువుకు తాళలేక నల్లరేగడి దున్నుకోవడానికి. ఆ వెళ్ళినవాళ్ళను ద్రోహులని తిట్టిన తెలుగువాడి పేరు ఒక్కటి చెప్పండి. నాలుగైదు వందల ఏళ్ళ తరవాత కూడా మనం ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నామని ప్రతి వార్షికోత్సవంలో గొప్పగా చెప్పుకుంటాం కదా!

ఇక్కడే మనకు తగలాల్సిన సంగతి ఇంకొకటుంది. నైజీరియాలో మనిషిని ఎక్కడ పుట్టావని అడగరు, నీ మూల రాష్ట్రం ఏదని అడుగుతారు. అంటే నీ తండ్రి, తాతల ఊరు. స్థానికుడివని స్థానిక ప్రభుత్వ కార్యాలయం కాగితం ఇస్తుంది. యూనివర్సిటీ సీటుకు, స్కాలర్‌షిప్పుకు, ప్రభుత్వ ఉద్యోగానికి ఆ కాగితం కావాలి. జోస్ నగరంలో తరతరాలుగా ఉంటున్న హౌసా కుటుంబాల పిల్లలు ఇప్పటికీ అక్కడ వలసదారులే. ఆ తగాదాలో 2001లో, 2008లో, 2010లో రక్తం పారింది. 2023 మార్చిలో లాగోస్ గవర్నరు ఎన్నికలప్పుడు ఇగ్బోల్లా కనిపించినవాళ్ళను బూతుల దగ్గర బెదిరించారు. ప్రతిపక్ష అభ్యర్థి తల్లి ఇగ్బో అని, అతను అసలు లాగోస్‌వాడే కాదని ప్రచారం చేశారు. 1973 నుంచి డిగ్రీ చదివిన పిల్లలను ఏడాదిపాటు వేరే రాష్ట్రానికి సేవకు పంపుతున్నది ఇదే ప్రభుత్వం, ఐక్యత కోసమట. ఆ ఏడాది అయ్యాక అక్కడే ఉండిపోతే మాత్రం వాడు పరాయివాడు.

వందేరి అన్న మాట వినని ఇల్లు మనలో ఉందా? ఆ మాట వినపడ్డ రోజు మనకు కడుపు మండుతుంది. "ఇక్కడే పుట్టాం, ఇక్కడే పన్ను కడుతున్నాం, అడిగే హక్కు మాకుంది" అంటాం. నైజీరియా కుర్రవాళ్ళు చెబుతున్నదీ అక్షరాలా అదే. మన నోట వస్తే హక్కు, వాళ్ళ నోట వస్తే తిట్టా?

నా కోపం మామయ్య మీద కాదు. ఆయన లేకపోతే ఈ సంఘానికి భవనం లేదు, అది నాకు తెలుసు. నా కోపం పోయిన సర్వసభ్య సమావేశంలో జరిగినదాని మీద. యువజన విభాగం నుంచి ఒక అమ్మాయి లేచి రెండు విషయాలు అడిగింది. పిల్లలకు తెలుగు నేర్పే ఆదివారం బడి ఎందుకు ఆగిపోయింది, ఉగాది వేదికకు అయిన ఖర్చులో పదోవంతు పెడితే ఆ బడి ఏడాది నడవదా అని. జవాబు రాలేదు. "ముందు సంఘం మీద అభిమానం నేర్చుకో తల్లీ" అని కూర్చోబెట్టారు. చప్పట్లు కూడా కొట్టారు. నేనూ ఆ హాల్లోనే ఉన్నాను, నోరు మెదపలేదు. అందుకే ఈ పోస్టు ఇంత పొడుగైంది.

ఆ అమ్మాయి ఆ తరవాత గ్రూపు నుంచి వెళ్ళిపోయింది. నిన్న నేనే ఫోను చేశాను. వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశానికి వస్తానంది, ఒక షరతు మీద: ఈసారి లెక్కల పుస్తకం బల్ల మీద ఉండాలి. కార్యదర్శిగారికి రాతపూర్వకంగా అడిగాను, ఇంకా జవాబు రాలేదు. మామయ్యా, మీరు ఒక్క మాట చెబితే వస్తుంది.