ఒళ్ళో పెట్టుకునే మరబొమ్మ

మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్ళు సాయంత్రమయ్యేసరికి కంగారుపడి "మా ఇంటికి పోతా" అని గుమ్మం దగ్గర నిలబడడం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. జపానులో కొన్ని వృద్ధాశ్రమాల్లో అలాంటివాళ్ళ ఒళ్ళో 'పారో' అనే మరబొమ్మని పెడతారు. తెల్లటి బొచ్చుతో సీల్ పిల్లలా ఉంటుంది. మంచు సముద్రాల్లో ఉంటుందే, ఆ జంతువు. శిబాతా తకనోరి అనే ఇంజనీరు 1993లో దీని పని మొదలుపెడితే, 2005లో అమ్మకానికొచ్చింది.

నిమిరితే కళ్ళు మూసుకుంటుంది, పిలిస్తే తల తిప్పుతుంది. బరువు రెండున్నర కిలోల పైచిలుకు, అంటే అప్పుడే పుట్టిన బిడ్డంతేనండీ! ఛార్జింగ్ వైరు కూడా పాలపీకలా నోట్లో పెట్టాలి. కుక్కో పిల్లో అయితే మనకు బాగా అలవాటు గనక, తేడా ఇట్టే పట్టేస్తామట. సీల్‌ని ఎవరు పెంచారు గనక!

పెద్దవాళ్ళని బొమ్మతో మభ్యపెట్టడం కాదూ అంటారేమో. పక్కన మనిషి కూర్చుని "దీనికేం పేరు పెడదాం?" అని కబుర్లాడితే కాదనే నేనంటాను. ఒళ్ళో పడేసి ఆయా టీవీ ముందుకు పోతే మాత్రం ముమ్మాటికీ మోసమే. వద్దని తోసేసేవాళ్ళని బలవంతపెట్టకూడదు.

ధర లక్షల్లో మాటలెండి. ఇంట్లో అయితే మెత్తటి గుడ్డబొమ్మ ఇచ్చి చూడండి. గుండీలు, పూసలు ఊడి నోట్లోకి పోయే రకం మాత్రం వద్దు.