కొత్తది కొనే ముందు దుమ్ము దులపండి!

గేమ్‌ మొదలైన కాసేపటికే ల్యాప్‌టాప్‌ కాలిపోతూ, బొమ్మ ఆగి ఆగి కదులుతోందా? పాడైందని కంగారు పడక్కర్లేదు. చాలా ఇంటెల్‌ ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర తమను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ముందు ‘హెచ్‌డబ్ల్యూమానిటర్‌’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వేడి ఎంతుందో చూడండి. పరుపు మీద వాడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. బల్ల మీద, వెనకవైపు కాస్త ఎత్తుగా పెట్టండి. తగ్గకపోతే ల్యాప్‌టాప్‌ ఆఫ్‌ చేసి, ఫ్యాన్‌ రెక్కలు తిరగకుండా చూసుకుంటూ దుమ్ము ఊదించండి. విండోస్‌ పవర్‌ ఆప్షన్స్‌లో ‘మాగ్జిమమ్‌ ప్రాసెసర్‌ స్టేట్‌’ను 99 శాతం చేస్తే చాలావాటిలో టర్బో ఆగి వేడి దిగుతుంది. వేగమూ కొంత తగ్గుతుంది. అయినా ఫలితం లేకపోతే థర్మల్‌ పేస్ట్‌ ఎండిపోయి ఉండొచ్చు. దాన్ని తెలిసిన మెకానిక్‌తోనే మార్పించుకోవాలి. ఇవన్నీ అయ్యాకే కొత్తదాని ఆలోచన!