రెజ్యూమెలో గ్రాఫ్‌క్యూఎల్ సరే... ప్రాజెక్టుకు అవసరమా?

ఫైనలియర్ ప్రాజెక్టు అంటే హాస్టల్ మెస్ బిల్లులో, లైబ్రరీ పుస్తకాల లెక్కో. వాడేది మహా అయితే 300 మంది. రెజ్యూమెలో మాత్రం గ్రాఫ్‌క్యూఎల్, జీఆర్‌పీసీ, మైక్రోసర్వీసెస్ వరుసగా కనిపిస్తాయి. ఇంటర్వ్యూలో ‘ఇదెందుకు వాడారు?’ అని అడిగితే ‘ఫేస్‌బుక్ వాడుతోంది కదా సార్’ అన్న జవాబే మిగులుతుంది.

ఇంతకీ ఫేస్‌బుక్ ఎందుకు తయారుచేసుకుంది? 2012లో ఆ సంస్థ తన మొబైల్ యాప్‌ను కొత్తగా రాస్తోంది. న్యూస్ ఫీడ్‌లో ఒక్క పోస్టు చూపాలన్నా రాసినవారి పేరు, ఫొటో, లైకులు, కామెంట్లు, ఆ కామెంట్లు పెట్టినవారి వివరాలు... అన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. నెమ్మదైన ఫోన్ నెట్‌వర్క్‌లో వీటికోసం సర్వర్‌ను పదిసార్లు అడగడం కుదరదు. అందుకే కావాల్సినవన్నీ ఒకేసారి అడిగి తెచ్చుకునే పద్ధతి పెట్టుకుంది. 2015లో దాన్ని ఓపెన్‌సోర్స్ చేసింది. అదే ఏడాది గూగుల్ జీఆర్‌పీసీని బయటపెట్టింది. సంస్థ లోపల లెక్కలేనన్ని సర్వీసులు వేగంగా మాట్లాడుకోవాల్సిన అవసరంలోంచి పుట్టిందది.

మెస్ బిల్లుకు ఈ బాధలేవీ లేవు. తెచ్చిపెట్టుకుంటే మాత్రం పని పెరుగుతుంది. రెస్ట్‌లో గెట్ రిక్వెస్టులకు బ్రౌజర్ క్యాషింగ్ దాదాపు ఉచితంగా దొరుకుతుంది. గ్రాఫ్‌క్యూఎల్ రిక్వెస్టులు సాధారణంగా ఒకే చిరునామాకు పోస్ట్ పద్ధతిలో వెళ్తాయి కాబట్టి క్యాషింగ్‌కు వేరే ఏర్పాటు చూసుకోవాలి. అసలు తలనొప్పి ‘ఎన్ ప్లస్ వన్’. వంద మంది విద్యార్థుల జాబితా, వాళ్ల బిల్లులు కలిపి అడిగారనుకోండి. జాగ్రత్తపడకపోతే జాబితాకు ఒకటి, బిల్లులకు వంద... డేటాబేస్‌కు 101 క్వెరీలు వెళ్తాయి! దానికి డేటాలోడర్ లాంటిది పెట్టాలి. ఎవరో మరీ లోతైన క్వెరీ పంపితే ఆపడానికి పరిమితులూ రాయాలి. జీఆర్‌పీసీనైతే బ్రౌజర్ నుంచి నేరుగా పిలవలేం, మధ్యలో ప్రాక్సీ కావాలి. (బిల్లు చూపడానికి ఇంత తతంగమా!)

నేర్చుకోవద్దని కాదు. గిట్‌హబ్ 2016లో గ్రాఫ్‌క్యూఎల్ ఏపీఐ తెచ్చినా, రెస్ట్ ఏపీఐని తీసేయలేదు. ఒకే సమాచారాన్ని రెండు దారుల్లోనూ తెచ్చి చూడండి. తేడా ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది.

ప్రాజెక్టును రెస్ట్‌తోనే మొదలుపెట్టండి. ఏ స్క్రీన్‌కు ఎన్ని కాల్స్ పడుతున్నాయో రాసిపెట్టుకోండి. ‘ఆరు కాల్స్ పడుతున్న స్క్రీన్ ఒకటుంది సార్, దానికోసం ఒక ఎండ్‌పాయింట్ రాస్తే సరిపోయింది’ అని చెప్పగలిగితే, ఇంటర్వ్యూ చేసేవారు తర్వాతి ప్రశ్న ఆ స్క్రీన్ గురించే అడుగుతారు. దానికి జవాబు మీ దగ్గరే ఉంటుంది.