పాత యంత్రమును బాగుచేయుటయా, క్రొత్తది కొనుటయా?

పరీక్షలు ముగిసి వేసవి సెలవులు సమీపించినంతనే అనేక గృహములలో ఒక వివాదము తలయెత్తుచుండును. ఆటలాడు కంప్యూటరు పాతబడినదనియు, క్రొత్త ఆటలు దానిపై నడువకున్నవనియు, కావున మఱియొకటి కొనియీయవలెననియు కుమారుని వాదము. నిన్నగాక మొన్న కొన్న వస్తువు అప్పుడే పాతదెట్లయ్యెనని తండ్రి ప్రశ్న. ఇరుపక్షములవారును తీర్పు కొఱకు మాయొద్దకు వచ్చుచుందురు. మేము ఆటలకు విరోధులము గాము. సాయంకాలమున ఒక గంటసేపు ఆడువారమే (పిల్లలు నవ్వుదురు గాక). అయినను కోరిక ఒకరిదియు ధనము వేఱొకరిదియు అయినపుడు, యంత్రము లోపలి సంగతి తెలిసికొనకయే తీర్పు చెప్పుట న్యాయము గాదు.

యంత్రము యొక్క వయస్సును బట్టి నిర్ణయింపరాదని మా యభిప్రాయము. ఇందులకు మేమెఱిగిన రెండిండ్ల కథయే నిదర్శనము. 2017వ సంవత్సరమున ఒకే వీథిలోని రెండు కుటుంబములవారు ఇంచుమించు ఒకే వెలకు రెండు యంత్రములను కొనిరి. రెండింటను జి.టి.ఎక్స్. 1060 అను గ్రాఫిక్సు కార్డును, 8 జీబీల ర్యామును, ఒక హార్డుడిస్కును ఉండెను. భేదమెల్ల ప్రాసెసరులోనే. మొదటి యింటివారిది ఇంటెల్ ఐ5-7400. రెండవ యింటివారిది ఏ.ఎం.డి. రైజెన్ 5 1600. నాడు ఈ భేదమును ఎవరును లెక్కచేయలేదు.

ప్రాసెసరు కూర్చుండు సాకెట్టు మదర్‌బోర్డుపై నుండును. బోర్డు అంగీకరించిన ప్రాసెసరులు మాత్రమే అందు పనిచేయును. ఇంటెల్‌వారు 2017 అక్టోబరులో ఎనిమిదవ తరము ప్రాసెసరులను విడుదల చేసిరి. వానికిని 1151 అను సాకెట్టే. కాని మొదటి యింటి బోర్డు వానిని నడుపజాలదు. అనగా కొన్న యేడాది తిరుగకమునుపే ఆ బోర్డునకు ముందు దారి మూసికొనిపోయెను. రెండవ యింటి ఏ.ఎం.4 బోర్డు గతి వేఱు. ఏ.ఎం.డి.వారు 2022లో రైజెన్ 5000 వరుసను ఆ తొలినాటి బోర్డులపైనను నడుపుటకు అనుమతించిరి. బోర్డు చేసినవారిచ్చిన క్రొత్త బయోసును ఎక్కించి, రైజెన్ 5 5600ను అమర్చుటతో ఆ యంత్రము మరల యౌవనము పొందెను. అందును ఆఱు కోర్లే, పాతదానియందును ఆఱే. అయినను ఒక్కొక్క కోరు పని మిక్కిలి వేగవంతము. ఇచట ఒక హెచ్చరిక: పాత ప్రాసెసరు ఉండగానే బయోసును మార్చవలెను. మార్చుచుండగా కరెంటు పోయినచో బోర్డు నిష్ప్రయోజనము కావచ్చును. వేసవిలో కరెంటు సంగతి మన యూళ్లవారికి చెప్పనక్కఱలేదు గదా! యూ.పీ.ఎస్. లేనివారు ఈ పనికి పూనుకొనరాదు.

ఇక మా తప్పును ఒప్పుకొందుము. 2023లో మొదటి యింటి తండ్రిగారు మమ్మడుగగా, అదే బోర్డుపై నడుచు ఐ7-7700 ప్రాసెసరును వాడినది చవుకగా కొనుడని చెప్పితిమి. ఆయన కొనెను. ఆట కొంత మెఱుగుపడిన మాట నిజమే. కాని విండోస్ 11 ఏ ప్రాసెసరులను అంగీకరించునో మైక్రోసాఫ్టువారు 2021లోనే ప్రకటించియుండిరి. ఆ జాబితాలో ఈ ఏడవ తరపు ఐ7 లేదు. మేమది లక్ష్యపెట్టలేదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి సాధారణ రక్షణ ముగిసెను. రెండవ యింటివారికి ప్రాసెసరు మార్చుటతోనే ఆ చిక్కు తీరియుండగా, మొదటివారు వెచ్చించిన ధనము ముందునకు రాని వస్తువుపై నిలిచిపోయెను. ఆ యేట వారి కుమార్తెకు కాలేజీ రుసుము కట్టవలసియుండెను. ఆ తండ్రిగారు మమ్మేమియు అనలేదు. అందుచేతనే మాకు మఱింత బాధ కలిగినది.

నాటినుండి సలహా అడిగినవారిని మేము ఒక్కటే ప్రశ్నింతుము: ఇపుడు కొనబోవు భాగము రేపటి యంత్రములోనికి వచ్చునా, ఈ యంత్రముతోనే పోవునా? ఎస్.ఎస్.డి. వచ్చును. మంచి పవర్ సప్లయి వచ్చును. గ్రాఫిక్సు కార్డు వచ్చును. దారి మూసికొన్న బోర్డునకై కొను ప్రాసెసరు రాదు. ర్యాము విషయము కొంచెము చిక్కు. ఏ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5 ర్యామునే అంగీకరించును, పాత డి.డి.ఆర్.4 అందు పట్టదు. 2025 చివరి మాసములలో ర్యాము వెలలు అమితముగా పెరిగినవి. కృత్రిమ మేధకై కట్టిన డేటా సెంటరులు సరకునెల్ల లాగికొనుటయే ముఖ్యకారణము. కావున పాత ర్యాముతోనే సాగు రెండవ యింటివారు మఱింత అదృష్టవంతులైరి.

కొనుటకు ముందు రోగమేదో తెలిసికొనవలెను. ఆటలో రిజల్యూషనును తగ్గించి చూడుడు. వేగము పెరిగినచో అడ్డు గ్రాఫిక్సు కార్డుది. పెరుగనిచో చాలవఱకు ప్రాసెసరుదే. ఆట మొదలగుటకే చాలసేపు పట్టుచున్నచో హార్డుడిస్కును అనుమానింపుడు. వీనికన్న ముందు పెట్టె విప్పి దుమ్ము దులుపుడు. ఎండకాలమున మన యిండ్లలోని వేడికి, దుమ్ము పట్టిన ఫ్యానుతో ప్రాసెసరు తనంతట తానే వేగము తగ్గించుకొనును. క్రొత్తది కావలెనని తెచ్చిన యొక యంత్రము కుంచెతోను, కొంచెము థర్మల్ పేస్టుతోను బాగుపడగా మేము చూచితిమి. ఆ పిల్లవాని ముఖము మాత్రము చిన్నబోయెను.

అయితే పిల్లల పక్షమునను న్యాయము లేకపోలేదు. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’, 2025లో వచ్చిన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ వంటి ఆటలకు రే ట్రేసింగు చేయగల కార్డు తప్పనిసరి. జి.టి.ఎక్స్. 1060పై ఎన్ని సెట్టింగులు తగ్గించినను అవి ఆడుటకు రావు. ఇచట కుమారుడు సోమరితనముచే అడుగుచున్నాడనుట తగదు. కాని అతడు ఆ యాటలనే ఆడునా, స్నేహితుని యింట చూచి అడుగుచున్నాడా అనుట తండ్రి అడుగవలసిన ప్రశ్నయే. పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్న కథ మనకు క్రొత్తది గాదు.

గత మాసమున మొదటి యింటి కుఱ్ఱవాడు తన లెక్కను కాగితముపై వ్రాసికొని వచ్చెను. ముందు ఒక ఎస్.ఎస్.డి.; తరువాత పవర్ సప్లయియు గ్రాఫిక్సు కార్డును; ర్యాము వెలలు దిగినపుడు బోర్డు, ప్రాసెసరు. మిగిలిన పాత భాగములతో లినక్సు ఎక్కించి అక్కకు కాలేజీ పనులకు ఒక యంత్రము కట్టియిచ్చునట. మేము పవర్ సప్లయి వరుసను ఒకటి పైకి జరిపి, కాగితము తిరిగియిచ్చితిమి.