పేరుకు వెల కట్టడం ఎలా?

సూరత్‌లోని మహీధర్‌పురా వజ్రాల బజారులో బేరాలు నడివీధిలోనే సాగుతాయి. వర్తకుడు కాగితపు పొట్లం విప్పుతాడు. కొనేవాడు రాయి బరువు, రంగు, స్వచ్ఛత, కోత చూసి ధర చెబుతాడు.

ఇంటర్నెట్‌లో చిరునామాగా ఉపయోగపడే డొమైన్ పేరు కూడా నేడు అమ్ముడుపోయే సరుకే. కాని దానికి తూకం లేదు. పేరు పొట్టిగా ఉండి, విన్నవెంటనే తప్పులేకుండా రాయగలిగినదైతే విలువ హెచ్చు. అంతకన్న ముఖ్యం, అది ఎవరికి అవసరమన్నది. 'సూరత్ చీరలు' వంటి పేరు వజ్రాల వర్తకునికి అక్కరలేదు. దేశమంతటికీ చీరలు పంపే రింగురోడ్డు వ్యాపారికి అదే దుకాణపు ముఖద్వారం.

అందుచేత అడిగినవారెవరో, దేనికో తెలుసుకోకుండా ధర చెప్పకండి. అటువంటి పేర్లు ఇటీవల ఎంతకు అమ్ముడుపోయాయో విచారించండి. ఇంతకు తక్కువైతే ఇవ్వనన్న అంకెను ముందే మనసులో నిలుపుకోండి. తొందర కనబరిస్తే ధర పడిపోతుంది. పైకం నమ్మకమైన మధ్యవర్తి సంస్థకు చేరిన తరువాతే పేరు బదిలీ చేయండి.

అయితే ప్రసిద్ధ సంస్థ పేరును ముందుగా నమోదు చేసుకొని, తిరిగి ఆ సంస్థకే అమ్మజూపడం బేరం అనిపించుకోదు. డొమైన్ పేరుకూ వ్యాపారచిహ్నపు లక్షణాలుంటాయని, ఒకరు సంపాదించిన మంచిపేరును మరొకరు వాడుకోరాదని సత్యం ఇన్ఫోవే కేసులో 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అటువంటి పేరుతో లాభం మాట అటుంచి, కోర్టు ఖర్చులు మీదపడవచ్చు.

వజ్రమైనా, పేరైనా ముందు సరుకు న్యాయంగా మనదై ఉండాలి. బేరం ఆ తరువాతి మాట.