అపార్ట్‌మెంట్ కమిటీకి ఎలాంటివారు కావాలి?

హిందూపురం, మడకశిర, కుప్పం వైపు ఇప్పుడు ఏ ఊరికెళ్లినా ‘మావాడు బెంగళూరులో ఫ్లాటు తీసుకున్నాడు’ అన్న మాట వినిపిస్తుంది. పొలం అమ్మి కొంత, బ్యాంకు అప్పు కొంత పెట్టి మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు కొంటున్నారు. కొనేటప్పుడు వాస్తు చూస్తాం, అడుగు ధర చూస్తాం. చేరాక ఆ భవనాన్ని ఎవరు నడుపుతున్నారో మాత్రం పట్టించుకోం. ఓనర్ల సంఘం సమావేశానికి రమ్మంటే ‘ఆదివారం పూట ఎవరికి తీరిక?’ అంటాం. తీరా లిఫ్టు ఆగితే కమిటీని తిడతాం.

నిజానికి పెద్ద అపార్ట్‌మెంట్ అంటే ఒక చిన్న పంచాయతీయే. నీళ్లు, చెత్త, మురుగు, జనరేటర్, కాపలా అన్నీ ఐదారుగురు ఓనర్ల చేతిలో ఉంటాయి. జీతం లేని పని కాబట్టి ముందుకొచ్చినవారికే అప్పగించేస్తాం. అలా వచ్చేవారిలో గొంతు పెద్దవాళ్లూ ఉంటారు, దర్పం కోసం వచ్చేవాళ్లూ ఉంటారు. మంచి సభ్యుడికి ఇంజనీరింగ్ పట్టా, లా డిగ్రీ అక్కర్లేదు. తన ఫ్లాటు తలుపు బయట ఉన్నదాన్ని కూడా తనదే అనుకునే బుద్ధి ఉంటే చాలు.

అడక్కముందే లెక్క

మెయింటెనెన్స్ పెంచనివాడే మంచోడన్న పేరు తేలిగ్గా వస్తుంది. అయితే లిఫ్టు మార్చాలన్నా, భవనానికి రంగులు వేయించాలన్నా డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా. ఏటేటా కార్పస్ ఫండ్‌లోంచి తీసి సర్దేస్తే, పదేళ్ల తర్వాత ఒక్కో ఇంటిమీద లక్షల భారం పడుతుంది. అప్పటికి ఆ మంచోడు ఫ్లాటు అమ్ముకుని వెళ్లిపోయి ఉంటాడు! ‘ఇంత పెంచక తప్పదు, కారణం ఇదీ’ అని కాగితం చూపించి, నాలుగు మాటలు పడేవాడే మనకు కావాలి. కాంట్రాక్టుకు తన బంధువు కొటేషన్ ఇస్తే, ఆ నిర్ణయం జరిగేటప్పుడు తాను పక్కకు తప్పుకోవాలి.

బిల్డర్ దగ్గరా ఇంతే. 2016 రెరా చట్టం ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడి ఆ సంగతి తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. బేస్‌మెంట్‌లో నీళ్లు కారుతున్నాయని వాట్సాప్ గ్రూపులో కేకలేస్తే లాభం లేదు. ఫొటోలతో, తేదీలతో రాతపూర్వకంగా అడిగే ఓపిక కమిటీలో ఒక్కరికైనా ఉండాలి.

నీళ్ల దగ్గర తెలిసింది

2024 వేసవి బెంగళూరుకు పెద్ద పాఠం నేర్పింది. బోర్లు ఎండాయి. ట్యాంకర్ల ధర చుక్కలనంటింది. తాగునీటితో కార్లు కడిగినా, మొక్కలకు పోసినా రూ.5,000 జరిమానా అని ఆ మార్చిలో జలమండలి ఆదేశించింది. కొళాయిలకు ఎయిరేటర్లు పెట్టాలంది. అంతకుముందే ఇంటింటికీ నీటి మీటర్లు పెట్టించి, వాన నీటి గుంతలు పూడిక తీయించిన కమిటీలు ఉన్నచోట జనం కాస్త ఊపిరి పీల్చుకున్నారు. మిగతాచోట్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ నీళ్లు వచ్చాయి. అంతమాత్రాన ఆ పాఠం మరచిపోతే ఎలా?

గుంతలోకి దిగేదెవరు?

అన్నిటికన్నా పెద్ద పరీక్ష మురుగు శుద్ధి కేంద్రం, అదే ఎస్‌టీపీ. 2018 జనవరిలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దగ్గర సోమసుంద్రపాళ్యలో ఒక అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ శుభ్రం చేసే పనిలో ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు లేదా రూ.2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలా చనిపోయినవారి కుటుంబానికి రూ.30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ‘ఏజెన్సీకి ఇచ్చేశాం, మాకేం సంబంధం’ అనేవాణ్ణి కమిటీలోకి పంపకూడదు. బేస్‌మెంట్‌లోకి దిగి, ఎవరు పని చేస్తున్నారు, యంత్రం ఉందా లేదా అని చూసొచ్చేవాడు కావాలి.

గేటు దగ్గర నిలబడే కుర్రాడు, పాచిపనికి వచ్చే అమ్మ కూడా ఈ లెక్కలోకే వస్తారు. వాళ్లలో మన సరిహద్దు ఊళ్లవాళ్లూ ఉన్నారు. అద్దెకుండేవారికి ఓటు లేకపోవచ్చు, నీళ్లు మాత్రం కావాలి కదా! వారి మాట వినడం కూడా సభ్యుడి పనే.

‘పైసా రాని పనికి ఇన్ని షరతులా?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. భారమంతా ఒక్కరిమీద మోపి, మనం బాల్కనీలో కూర్చుని తప్పులు పట్టడం ధర్మం కాదు. రెండేళ్లకొకసారి మనుషులు మారాలి. మన వంతు వచ్చినప్పుడు మనమూ చేయాలి.

ఈసారి సర్వసభ్య సమావేశానికి తప్పక వెళ్లండి. పోటీలో ఉన్నవారిని మూడే ప్రశ్నలు అడగండి. కార్పస్ ఫండ్‌లో ఎంతుంది? ఎస్‌టీపీ చివరిసారి ఎప్పుడు చూశారు? లెక్కలు నోటీసు బోర్డుమీద ఎప్పుడు పెడతారు? తడుముకోకుండా చెప్పినవారికి ఓటేయండి. తెలియదు, వారంలో కనుక్కుని చెబుతానని నిజం ఒప్పుకున్నవారికైనా వేయండి. ‘నమ్మండి, నేను చూసుకుంటా’ అనేవారికి మాత్రం వద్దు.